జీరో సీసాలో మంచినీళ్లు

కుళ్లిన ముల్లంగిని స్టీలు డబ్బాలో పెట్టి, రెండు రోజులు ఎండలో ఉంచి మూత తీస్తే ఎలాంటి వాసన వస్తుందో, ఈ పొద్దున మా ల్యాబంతా అలాంటి వాసన కమ్ముకుంది. గిద్దలూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అలమర వెనక వరసలోని సీసా తీసి, పైన ఏం రాసి ఉందో చూడకుండా మూత తిప్పేసింది. పిల్లలంతా ముక్కులు మూసుకుని వరండాలోకి పరుగెత్తారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడిపోయాను. గంధకం కలిసిన ఆ మందు వాసనకు ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. నాకైతే షాహిదా మేడం గుర్తుకొస్తారు. ఆమె ఉండగా ఈ మాట చెప్పి ఉంటే పడీపడీ నవ్వేవారు.

మేడంది మార్కాపురమే. వాళ్ల నాన్నకు బజారులో పలకల దుకాణం ఉండేది. ఆమె హైదరాబాదులో పెద్ద చదువు చదివి, అక్కడే ఒక పెద్ద ల్యాబులో కొన్నేళ్లు పనిచేసి, నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా కాలేజీకి కెమిస్ట్రీ చెప్పడానికి వచ్చారు. అంత చదివినావిడ ఇక్కడికి ఎందుకు వచ్చిందా అని మేము హాస్టల్లో రకరకాల కథలు అల్లుకున్నాం. ఒకరోజు ధైర్యం చేసి నేనే అడిగేశాను. "ఆడ ఏసీ గదిలో చలెక్కువమ్మా, నాకు పడలేదు," అన్నారు. అది నిజమో, నా నోరు మూయించడానికి అన్న మాటో ఇప్పటికీ తెలియదు. మార్కాపురం ఎండలో నల్ల బురఖా మడిచి బెంచీ మీద పెట్టి, తెల్లకోటు వేసుకుని, చెమట తుడుచుకుంటూ కూడా ఆమె హాయిగా ఉన్నట్టే కనిపించేవారు.

మొదటి వారంలోనే కిటికీలకు నల్లగుడ్డలు కట్టించి, మమ్మల్ని చీకటి గదిలో నిలబెట్టారు. బెంచీ మీద నాలుగు చిన్న సీసాలు. నాలుగింటిలోనూ లేత టీ నీళ్లలాంటిదేదో ఉంది. ఊదారంగు టార్చి వేయగానే ఒకటి ఆకుపచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి నారింజగా, ఒకటి ఎర్రగా వెలిగాయి. మా వాళ్లంతా అబ్బో అన్నారు. నాకు అబ్బో అనిపించలేదు, అనుమానం వచ్చింది. చిన్నప్పటి నుంచీ నా బుద్ధి అంతే.

"ఏ రంగులు కలిపినారు మేడం?" అని అడిగాను.

"ఏ రంగూ కలపలేదు. నాలుగింట్లో ఉండేది ఒకటే వస్తువు."

"ఒకటే అయితే నాలుగు రంగులేంది?"

"సైజు. చిన్నగ ఉంటే ఆకుపచ్చ. పెరిగే కొద్దీ పసుపు, నారింజ, ఎరుపు. నమ్మకం లేకుంటే రేపు రా, నీ చేతనే చేయిస్తా."

మరుసటి రోజు వెళ్లాను. నా జీవితం అక్కడే మలుపు తిరిగిందని ఇప్పుడు చెప్పగలను కానీ, ఆ రోజు నాకు తెలిసింది ఆ ముల్లంగి వాసన ఒక్కటే. ఫోనుల్లో చిప్పులు చేసే రకం పదార్థాన్నే, వెంట్రుక మందంలో వేలకొద్దీ పట్టేంత సన్నటి పలుకులుగా పెంచడం అక్కడి పని. వాటిని క్వాంటమ్ డాట్లు అంటారు. మేడం మాత్రం చుక్కలు అనేవారు. అందుకని మేము ఆమెకు చుక్కల మేడం అని పేరు పెట్టుకున్నాం. చేతులకు తొడుగులు వేయించి, పొయ్యి మీది గాజుబుడ్డి దగ్గర నన్ను నిలబెట్టి, కొద్ది నిమిషాలకోసారి ఒక్కో చెంచాడు తీసి వేరే సీసాలో పోయమన్నారు. మొదట తీసింది టార్చి కింద ఆకుపచ్చగా ఉంది, చివర తీసింది ఎర్రగా ఉంది. "అరిసెలకు పాకం చూసినట్టే ఉంది మేడం. లేతపాకం, ముదురుపాకం," అన్నాను. ఆమె చేతిలోని సీసా దించి నా వైపు తిరిగారు. "ఇన్నేండ్లు చదివినా ఈ మాట నాకు తట్టలేదు చూడు," అన్నారు. కెమిస్ట్రీలో నన్ను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రం హాస్టల్లో నేను కాలు నేల మీద పెట్టలేదు.

ఈ చుక్కలతో ఏం చేస్తారని అడిగితే, హైదరాబాదులో తాను చేసిన పని గురించి చెప్పారు. ఒంట్లోని కణాల్లో ఒక రకానికి మాత్రమే చుక్కను అంటించి, అది ఎక్కడికి పోతుందో, ఏం చేస్తుందో కనిపెట్టడం. నాకు ఒక్కసారిగా మా ఊరు కళ్ల ముందు కనబడింది. మాది హనుమంతునిపాడు వైపు మెట్ట పల్లె. మాకు నాలుగెకరాల కంది చేను, కొన్ని గొర్రెలు ఉండేవి. "మేము గొర్రెల వీపున ఎర్రరంగు పూస్తాము మేడం. మందలో కలిసినా మనది ఏదో తెలుస్తాది," అన్నాను. "సరిగ్గా అదే పని," అన్నారు. "కాకుంటే రంగు వానకు పోగూడదు. గొర్రె చావగూడదు. మిగతా గొర్రెలు దాన్ని చూసి బెదరగూడదు. ఈ మూడింటి కోసమే మేము ఏండ్లకేండ్లు తలలు బద్దలు కొట్టుకున్నాము." ఆ తరవాత పుల్లటి దోసెపిండిలోని కణాలకు చుక్కలు అంటించి, పాత మైక్రోస్కోపుకు టార్చి కట్టి చూపించారు. చీకట్లో నారింజ గింజలు మెల్లగా దొర్లుతున్నాయి. మామూలు రంగులైతే కాసేపటికి వెలిసిపోతాయట. ఇవి మేము గంటసేపు చూసినా వెలుగుతూనే ఉన్నాయి. ఆ రాత్రి హాస్టల్లో దోసె తినడానికి మా వాళ్లలో సగం మంది వెనకాడారు.

ఆమె పని చేసే పద్ధతి గురించి ఒక్క మాట చెప్పాలి. లెక్క కట్టాలన్నా, బొమ్మ గీయాలన్నా ముందు పలక మీద చేసేవారు. వాళ్ల దుకాణంలో మిగిలిపోయిన పలకలు ల్యాబు నిండా ఉండేవి. పలక మీద ఎన్ని తప్పులైనా చేయొచ్చు, తుడిచేయొచ్చు. నోటుబుక్కులోకి ఎక్కిందంటే మాత్రం తుడవడం, కొట్టేయడం, కాగితం చింపడం ఏదీ కుదరదు. కళ్లతో చూసినది, చేత్తో చేసినది, చేసిన వెంటనే పెన్నుతో రాయాలి. "నువ్వు ఏమనుకున్నావో నాకక్కరలేదు. ఏం పోసినావో రాయి," అనేవారు. ఈ నియమం మాకు పరమ చాదస్తంగా ఉండేది.

పీజీకి నేను మళ్లీ మార్కాపురానికే, ఆమె దగ్గరికే వచ్చాను. అప్పటికి మేడం దృష్టి మా ప్రాంతపు నీళ్ల మీద పడింది. ఫ్లోరైడు మాకు కొత్త మాట కాదు. పండ్ల మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. చౌకలో, బోరు దగ్గరే నిలబడి, కంటితో చూసి తెలుసుకునే పద్ధతి చేయాలని ఆమె పట్టుదల. విషమున్న రకం పక్కన పెట్టి, జింకుతో చేసిన చుక్కలు తీసుకున్నారు. టార్చి వేస్తే నారింజగా వెలుగుతాయి. వాటిలో ఇనుప ద్రావణం ఒక చుక్క వేస్తే ఆరిపోతాయి. ఆ సీసాలో బోరునీళ్లు పోసినప్పుడు, అందులో ఫ్లోరైడు ఉంటే అది ఇనుమును తనవైపు లాగేసుకుంటుంది, ఆరిన వెలుగు తిరిగొస్తుంది. అంటే ఎంత వెలిగితే అంత చెడ్డ నీళ్లన్నమాట. పోల్చుకోవడానికి ఒక సీసాలో ఏమీ లేని డిస్టిల్డ్ వాటర్ పోయాలి. అది జీరో సీసా. అది నల్లగా ఉండాలి. దాన్ని చూసే మిగతావాటి సంగతి చెప్పాలి.

ఆ వేసవి సెలవులకు సీసాల పెట్టె, టార్చి నాకిచ్చి, మా ఊరి బోర్లన్నీ చూసి రమ్మన్నారు. బస్సులో డిస్టిల్డ్ వాటర్ క్యాను మూత ఊడి, నీళ్లన్నీ పక్కనావిడ జొన్నపిండి సంచిలోకి కారిపోయాయి. ఆమె దిగేదాకా నన్ను తిడుతూనే ఉంది. ఫోను చేసి మేడంకు చెప్పాల్సింది. మొదటి పనిలోనే ఇలా జరిగిందని చెప్పడానికి నామోషీ అనిపించి ఊరుకున్నాను. ఇంటికొచ్చి, జీరో సీసాలోకి కుండలోని మంచినీళ్లు ముంచి పోశాను. అవి నాయన పొలంలోని బోరునీళ్లు. మా వైపు నీళ్లకు రెండే పేర్లు. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉండేవి ఉప్పునీళ్లు, తియ్యగా ఉండేవి మంచినీళ్లు. నాయన బోరు ఊరంతటికీ మంచినీళ్లు. పదిహేనేళ్లుగా నాయన ఎవరు బిందె తెచ్చినా కాదనకుండా మోటారు వేసేవాడు. మంచినీళ్లలో చెడ్డదేదో ఉంటుందన్న ఊహే నాకు రాలేదు. అంత చదివి, ఆ మాటలోని మంచిని నమ్మేశాను.

టార్చి వేస్తే జీరో సీసా వెలిగింది.

నేను అప్పుడేం చేశానో ఇన్నేళ్లకూ నాకు కళ్లకు కట్టినట్టు ఉంది. జీరో వెలగకూడదు కాబట్టి ఇనుము తక్కువైందనుకున్నాను. అన్ని సీసాల్లో ఇంకో చుక్క వేశాను. జీరో నల్లబడింది. మిగతా సీసాలూ నల్లబడ్డాయి. నోటుబుక్కులో అలవాటు కొద్దీ, వీలైనంత చిన్న అక్షరాలతో, "ఇనుము ఒక చుక్క ఎక్కువ వేశాను" అని రాసి, కింద పెద్ద అక్షరాలతో "బోర్లన్నీ క్షేమం" అని రాశాను. ఊళ్లో పెద్దవాళ్లు వచ్చి అడిగితే అదే చెప్పాను. బడిలో ఉన్న బోరు ఉప్పగా ఉంటుందని పిల్లలు తాగరు, ఇంటి నుంచి సీసాలు మోసుకొస్తారు. నా మాట వినగానే నాయన, "మన బోరు నుంచి బడికి పైపేద్దాము, నీళ్లు నేనిస్తా," అన్నాడు. ఊరు చందాలేసుకుని పది రోజుల్లో కాలువ తవ్వి పైపు వేసింది. నాయన రోజూ పోయి, తవ్వేవాళ్లకు మజ్జిగ పోసి వచ్చేవాడు. ఆయనను అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు.

కొళాయి తిప్పే రోజుకు మేడంను రమ్మని పిలిచాను. పొద్దున బస్సుకే వచ్చారు. నాయన వాకిట్లో ఎదురొచ్చి దండం పెట్టి, చెంబుతో నీళ్లిచ్చి, "తాగమ్మా, ఈ చుట్టుపక్కల ఇంత తియ్యటి నీళ్లు లేవు," అన్నాడు. ఆమె తాగి, చెంబు ఇస్తూ ఆయన వైపు అదోలా చూశారు. నేను వెనక నుంచి పిలిస్తే నాయన తిరిగాడు. నాయన మెడ తిప్పలేడు. మనిషంతా తిరగాల్సిందే. నడుమూ వంగదు. మూటలు మోసి అలా అయిందని మేము అనుకునేవాళ్లం, ఊళ్లో ఆ వయసు మగవాళ్లు చాలామంది అలాగే ఉంటారు కూడా.

"అన్నా, మెడ ఎన్నాళ్ల నుంచి పట్టేసింది?" అని అడిగారు మేడం.

"అది ఎప్పటిదోలేమ్మా. మూటలు మోసిన ఒళ్లు గదా."

ఆమె లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని నోటుబుక్కు ఇమ్మన్నారు. ఒక్కో పేజీ తిప్పుతూ ఆ చిన్న అక్షరాల దగ్గర ఆగారు.

"జీరోలో ఏం పోసినావు?"

"మంచినీళ్లు మేడం."

"ఎవురన్నారు మంచివని?"

బస్సు సంగతి, క్యాను సంగతి అప్పుడు చెప్పాను. ఆమె కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. చాలా మెల్లగా, "జీరో వెలిగింది గదా చెన్నమ్మా. అది నీకు ఒక సంగతి చెప్తా ఉంటే, దాన్నెందుకు ఆర్పినావు?" అని అడిగారు. తిట్టి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

తన సంచిలోని డిస్టిల్డ్ వాటర్ తీసి, ధాన్యం గదిలో తలుపులు మూసి, మళ్లీ చేయించారు. ఒక్క చుక్క ఇనుము, అంతే. జీరో నల్లగా ఉంది. బడిలో ఎవరూ తాగని ఉప్పునీళ్ల సీసా వెలిగీ వెలగనట్టు ఉంది. నాయన బోరు సీసా చీకట్లో నిప్పుకణికలా ఉంది. మేమేం చేస్తున్నామో చూద్దామని నాయన తలుపు ఓరగా తోసి లోపలికి వచ్చి, మనిషంతా తిరిగి ఆ సీసాల వైపు చూశాడు.

"ఆ బాగ వెలుగుతా ఉండేది మనదేనా అమ్మా?" అని అడిగాడు. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు.

మేడం నా వైపు చూశారు. "నువ్వే చెప్పు," అన్నారు.

చెప్పాను. ఎంత వెలిగితే అంత చెడ్డదని, మెడ పట్టేసింది మూటల వల్ల కాక, ఎముకలను బిగించే ఆ ఫ్లోరైడు వల్ల కావచ్చని, తప్పు నాదని చెప్పాను. నాయన ఆ సీసా వైపే చూస్తూ, "పదిహేనేండ్లు అందరికీ పోసినాను గదా," అన్నాడు. ఆ మాట నాతో అనలేదు, మేడంతోనూ అనలేదు. నాకు అక్కడికక్కడ చచ్చిపోవాలనిపించింది. జిల్లా ల్యాబులో కూడా చూపించి చెబుదాం, ఈ పూటకు కొళాయి ఏదో సాకుతో ఆపుదాం అని నేను మేడంతో గొణిగాను. "ల్యాబుకు ఎట్లాగూ పంపిద్దాము. సాకు మాత్రం చెప్పొద్దు. క్షేమమని నువ్వే చెప్పినావు, కాదని నువ్వే చెప్పు," అన్నారు.

బడి వరండాలో ఊరంతా కూర్చుని ఉంది. కొళాయికి బంతిపూల దండ కట్టారు. నేను నిలబడి, జీరో సీసాలో ఏం పోశానో, ఒక చుక్క ఎందుకు ఎక్కువ వేశానో, ఏదీ దాచకుండా చెప్పాను. చందాలిచ్చినవాళ్లు గొణిగారు. "ఈ చదువుకున్నోళ్లు పూటకో మాట చెప్తారు," అని ఒకాయన లేచిపోయాడు. మేడం నా పక్కన నిలబడ్డారే గాని నా తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. అందుకు ఆ రోజు ఆమె మీద నాకు కోపం వచ్చింది. చివరికి నాయన లేచాడు. పూలదండ తీసి భుజాన వేసుకుని, "మా చెన్నమ్మ ముందు చెప్పింది నమ్మినాము. ఇది చెప్పడానికి దానికి ఎంత కష్టమైందో మీకూ కనపడతానే ఉంది. ఇదీ నమ్ముదాము," అన్నాడు. ఆ సాయంత్రమే పెయింటు డబ్బా తెచ్చాడు. బోరు మీద ఏమని రాయాలని నన్ను అడిగాడు. చివరికి తనే ఎర్రటి అక్షరాలతో "తియ్యనీళ్లు. తాగొద్దు" అని రాశాడు.

జిల్లా ల్యాబు కాగితం వచ్చాక అందరికీ నమ్మకం కుదిరింది. బడికి బయటి నుంచి నీళ్లు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. నాయన మెడ తిరగలేదు. అది తిరిగేది కాదని మేడం నాకు ముందే చెప్పారు. బడి దగ్గర చెప్పిన మరునాడు మేడంను బస్సు ఎక్కించడానికి వెళ్లి నేను ఏడుస్తుంటే, "ఆయప్పకు తెలియక పోసినాడు. తెలిసిన రోజే ఆపినాడు. ఇంగ నువ్వు ఏడ్చి ఏం చేస్తావు, పోయి ఆ నోటుబుక్కు పూర్తి చెయ్యి," అన్నారు. ఆ ఊరడింపు నాకు అప్పుడు చాల్లేదు. ఇప్పుడు చాలుతుంది.

మేడం పోయిన ఏడాది చనిపోయారు. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, చివరి చూపుకు అందుకోలేకపోయాను. ఆ దిగులు అలాగే ఉంది. ఆమె దగ్గర నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే చుక్కలు చేయడం అని చెబుతాను, అది నిజమే. కానీ అసలు సంగతి వేరే ఉంది. పోయిన వారం కంభం దగ్గర ఒక ఊళ్లో పొద్దుటి నుంచి జనం బిందెలతో మా చుట్టూ మూగి ఉన్నారు. టార్చి వేస్తే మా జీరో సన్నగా వెలిగింది. నా చెయ్యి ఇనుము సీసా వైపు దానంతట అదే వెళ్లింది. ఇన్నేళ్లయినా అలా వెళ్తూనే ఉంది, ఆ బుద్ధి పోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, అన్ని సీసాలూ వ్యర్థాల క్యానులో పారబోసి, ఈ పొద్దు ఏమీ చెప్పలేనని, మా దాంట్లోనే ఏదో తేడా ఉందని వాళ్లతో అన్నాను. "పొద్దుటి నుంచి నిలబెట్టి ఇదేందమ్మా," అని విసుక్కున్నారు. మరునాడు డిస్టిల్డ్ వాటర్ కొత్త క్యానుతో మళ్లీ వెళ్లాను.